పెళ్ళికూతురి మెత్త

మోదెనా,
9 జనవరి 1965

అర్జియా అత్తకి,

నీ ఉత్తరం అందింది. రాసింది నువ్వేనా అని పాత ఉత్తరం తీసి చేతిరాత పోల్చి చూసుకున్నాను. పదకొండేళ్ళుగా నేపుల్స్‌లో ఆ కళ్ళ డాక్టరు ఇంట్లో వంట చేస్తున్నావు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కటీ అడగలేదు. ఇప్పుడు అడిగావు కదా అని సంబరపడబోతే, అడిగింది మీ దొర దూరప్రయాణాలకి ఏ స్పోర్ట్స్ కారు కొంటే సుఖంగా ఉంటుందనా!

నాన్నకి చదివి వినిపించలేదు. నీ అన్న నోరు నీకు తెలియంది కాదు. నేను డబ్బున్నవాళ్ళ పిరుదులకి పరుపులు కుట్టే పని చేస్తున్నానని నన్నే రోజూ దెప్పుతాడు.

అయినా చెబుతాను. అడిగింది నువ్వు కాబట్టి, ఈ ఊళ్ళో నాకంటే సరిగ్గా చెప్పేవాడు లేడు కాబట్టి. మోదెనాలో ఎవణ్ణడిగినా ఇంజన్ గురించే చెబుతాడు. ఎన్ని సిలిండర్లు, ఎంత వేగం. నిజమే, గొప్పదే. కానీ నేపుల్స్ నుంచి మిలాన్ దాకా మనిషి ఇంజన్ మీద కూర్చోడు, నాలాంటివాడు కుట్టిన సీటు మీద కూర్చుంటాడు. మీ డాక్టరుకి చెప్పు: కారు ఎక్కి చూసి ఎంచుకోవద్దు, దిగి చూసి ఎంచుకోమను. గంట నడిపాక ఎవరి సాయమూ లేకుండా దిగగలిగాడా? దిగి నిలబడ్డాక నడుం మీద చెయ్యి వేసుకున్నాడా? వేసుకుంటే ఆ కారు వద్దు. పాదాల దగ్గర ఇంజన్ వేడి కొడుతుందేమో చూడమను. సమంగా పోతున్నప్పుడు పక్కవాళ్ళతో అరవకుండా మాట్లాడగలడా, చూడమను. కూర్చోగానే మెత్తగా ఉన్న సీటుని అసలు నమ్మొద్దు.

ఇంకో సంగతి. నిన్న మా యజమాని బెల్లోది షెడ్డులో కొత్త కారు ఒళ్ళు ఒకటి తయారైంది. రంగు పడలేదు, అద్దాలు లేవు, ఉత్త అల్యూమినియం రేకు. ఎదురుగా నిలబడి సుత్తులతో కొట్టి చేసినవాళ్ళమే, అయినా పలక మీద నుంచి ఎండ జారుతుంటే అందరమూ పని వదిలేసి చూశాం. కాసేపు ఎవడూ తిట్టుకోలేదు. మా షెడ్డులో అది చాలా అరుదు. ఇలాంటి దాన్ని కొనేవాడు దీని విలువ ఎరిగినవాడై ఉండడే అని నాకు కడుపు మండుతుంది. అంతే.

నీ మేనల్లుడు
ఎర్మెస్

నేపుల్స్,
31 జనవరి 1965

ఒరే ఎర్మెస్,

నీ కోపం ముందు చేరింది, ఉత్తరం తర్వాత చేరింది. అయినా నువ్వు చెప్పినట్టే చేశాం. చేశాం అంటే డాక్టరుగారు చేశారు. నేను వెంట వెళ్ళాను.

మొదటిది ఎర్రది. ఎంత పొట్టిదంటే, పక్కనున్న స్కూటరు మనల్ని పైనుంచి చూస్తుంది. అందంగా ఉంది, కాదనను. సముద్రపు ఒడ్డు రోడ్డు మీద అరగంట తిప్పాం. ఏం చెప్పినా డాక్టరుగారికి వినపడలేదు. నేను "ఎర్ర దీపం" అంటే ఆయన "నాక్కూడా ఆకలిగానే ఉంది" అన్నారు. ఆపాక ఆయన దిగలేదు, కిందకి దొర్లారు. రెండు చేతులూ రోడ్డుకి ఆనించి ముందు తల, తర్వాత మిగతాది. నిమ్మకాయలు అమ్మే ఆవిడ బండి ఆపి మరీ చూసింది.

"డాక్టరుగారూ, ఉంగరం పారేసుకున్నారా?"

"నడుం పారేసుకున్నానమ్మా. దొరికితే ఇంటికి పంపు."

రెండోది జర్మన్లు చేసినది. తలుపు వేస్తే బ్యాంకు తలుపు వేసినట్టు చప్పుడు. లోపల సోఫా. ఆ అమ్మకాలవాడు "సిన్యోరా, మేఘం మీద కూర్చున్నట్టు లేదూ?" అని పదిసార్లు అడిగాడు. కాసెర్తా దాకా వెళ్ళాం. నువ్వు చెప్పింది నిజం. పది నిమిషాలు మేఘమే. అరగంటకి ఆ మేఘం పక్కసీట్లో మనిషిని మింగుతుంది. నడుం కింద ఏమీ ఉండదు, బావిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. దిగాక నేను కాసేపు తలుపు పట్టుకుని నిలబడ్డాను, ఊరికే.

మూడోది మీ మోదెనాది. ముక్కు పొడుగ్గా ఉంటుంది, వెనక రెండు చిన్న సీట్లు, పెట్టెలకి చోటు. డాక్టరుగారి స్నేహితుడొకాయన దగ్గర ఉంది. అందులో మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. అది చాలా చిత్రంగా అనిపించింది. బయట చెట్లు పరుగెడుతుంటే లోపల ఇద్దరు మనుషులు టమాటాల గురించి మాట్లాడుకోవడం.

ఆయనకి ఇదే నచ్చింది. నీ అభిప్రాయం రాయి. ఈ కారులో పక్కన ఒకావిడ కూర్చుంటుంది. ఎనిమిది గంటలు కూర్చోవాలి. అది గుర్తుపెట్టుకుని రాయి.

అత్త

మోదెనా,
21 ఫిబ్రవరి 1965

అర్జియా అత్తకి,

మీ డాక్టరుకి ఈ వయసులో ఎవరో దొరికిందన్నమాట. మంచిది. నాకేం పోయింది.

నేనైతే చూడకుండా చెప్పను. అందుకని లెయార్కోని అడిగాను. మేం ఒళ్ళు, సీట్లు చేసిచ్చే కారు ఫ్యాక్టరీలో కొత్త కార్లని రోడ్డు మీద పరీక్షించేది ఆయనే, యాభై దాటాయి, ఎడమ చెవి పనిచేయదు. "సీట్లు కుట్టేవాడివి నీకెందుకురా?" అన్నాడు. "నా సీటు మీద నువ్వు రోజూ కూర్చుంటావు, నేను ఒక్కసారీ కూర్చోలేదు" అన్నాను. పక్క తలుపు తీసి, "ఎక్కు. వాంతి చేసుకుంటే నువ్వే కడగాలి" అన్నాడు.

అత్తా, ఎలా రాయాలో తెలియడం లేదు. నేను ఐదో తరగతి వరకే చదివాను, మిగతాది గ్రంథాలయంలో నాకు నేనే నేర్చుకున్నాను. ఇలాంటి వాటికి మాటలు ఆ పుస్తకాల్లో కనపడలేదు.

బొలోన్యా దాటి కొత్త రహదారి మీద కొండల్లోకి వెళ్ళాం. సొరంగం, వంతెన, సొరంగం, వంతెన. వంతెనల కింద ఊళ్ళున్నాయి. చర్చి గంటగోపురం చుట్టూ కోళ్ళంత ఇళ్ళు. ఆ లోయలోకి దిగి మళ్ళీ ఎక్కడానికి గాడిద మీద ఒక పూట పట్టేదని తాత చెప్పేవాడు కదా. మేం దాన్ని నేను ఊపిరి తీసుకుని వదిలేలోగా దాటాం. లెయార్కో ఒక చేత్తో నడుపుతూ రెండో చేత్తో రొట్టె తింటున్నాడు. వేగం చూపే ముల్లు చూశాను, నూట తొంభై. కారు వణకలేదు. ముందుకి దూకుతున్నట్టు లేదు, రోడ్డే మా కిందకి వచ్చి పడుతున్నట్టుంది.

"ఏరా, మాట్లాడవు? షెడ్డులో నీ నోరు ఆగదట కదా?"

నా వీపు కింద ఉన్నది నేను బిగించిన పట్టీ. దాని కింద నేను కొట్టిన మేకు. ఇంత పెద్ద వేగం చివరికి వచ్చి ఆగేది నా మేకు మీదన్నమాట. ఈ సంగతి ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు.

దిగాక కోపం మళ్ళీ వచ్చింది. చేసేవాళ్ళకి ఇది ఒక్కసారి, అదీ అడుక్కుంటే. కొనేవాళ్ళకి రోజూ.

ఈ కారే తీసుకోమను. ఇంకేదీ చూడక్కర్లేదు. ఒళ్ళు, సీట్లు మా బెల్లోది దగ్గరే తయారవుతాయి. ఇద్దరి కొలతలూ పంపమను. మెత్తని సీసపు పట్టీ ఒకటి తీసుకుని, కూర్చున్న మనిషి వెన్ను వెంట వంచి, ఆ వంపుని కాగితం మీద గీసి పంపాలి. డాక్టరే కదా, చేతనవుతుంది.

ఎర్మెస్

మోదెనా,
11 ఏప్రిల్ 1965

అర్జియా అత్తకి,

రెండు నెలలైంది, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. మీ డాక్టరు కాగితాలు మాత్రం బెల్లోదికి చేరాయి.

ఇది నీకు చెప్పాల్సిందే, నవ్వుతావు. డాక్టరు వెన్ను నిటారుగా ఉంది, ముసలాయనకి తక్కువేం లేదు. ఆ పక్కావిడది చూసి షెడ్డంతా పగలబడి నవ్వాం. కొడవలి! పైన వంపు, కింద లోపలికి విరుపు, ఎడమ పక్కకి ఒరిగి ఉంది. సోఫాల మీద పడుకుని పడుకుని ఇలా అయిపోయి ఉంటుందన్నాను. దాన్ని నా బల్ల పైన గోడకి మేకు కొట్టి తగిలించాను. వచ్చినవాడల్లా "ఎర్మెస్, నీ పెళ్ళాం బొమ్మా?" అంటాడు.

ఆవిడకి సీటు అయిపోయింది. ఎలా చేశానో చెప్పనా? మా షెడ్డులో ఒక పద్ధతుంది. నడిపేవాడి సీటుకి గుర్రపు వెంట్రుకలు దట్టించి గట్టిగా కడతాం. పక్క సీటుకి రబ్బరు నురగ ఇంత మందాన వేసి వదిలేస్తాం. దుకాణంలో భార్య పది నిమిషాలు కూర్చుని "అబ్బ, ఎంత మెత్తగా ఉందండీ" అనాలి, ఆయన కొనెయ్యాలి. దూరం వెళ్ళాక ఆవిడ నడుం ఏమైతే మాకేంటి? దీన్ని మేం "పెళ్ళికూతురి మెత్త" అంటాం. చెడ్డదని తెలిసి చేసేదే. ఈ కొడవలి దొరసానికి మామూలుకంటే రెండు వేళ్ళు ఎక్కువే వేశాను. రోమ్ దాటేసరికి ఏడుస్తుంది. కూర్చుని తినేవాళ్ళకి ఒక్కరోజైనా నడుం నొప్పి అంటే ఏంటో తెలియాలి కదా.

తోలు కూడా వేసేశాను. కారు మే నెలాఖరుకి వస్తుందని డాక్టరుకి చెప్పు.

ఎర్మెస్

నేపుల్స్,
18 ఏప్రిల్ 1965

ఎర్మెస్,

ఆ గీత నాది.

పై వంపు వెర్చెల్లి వరిమళ్ళది. పద్దెనిమిది వేసవులు. ఏటా నలభై రోజులు మోకాలి లోతు నీళ్ళలో, ఎనిమిది గంటలు వంగి కలుపు తీశాను. నడుం ఎత్తితే గట్టు మీద మేస్త్రీ కర్రతో నీళ్ళు కొట్టేవాడు. ఎడమకి ఒరగడం నలభై ఎనిమిదిలో నా మీద బస్తా పడినందుకు. డాక్టరుగారు ఆ పట్టీ నా వీపు మీద పెట్టి వంచుతుంటే ఆయన వేళ్ళు ఒక్కో ఎముక దగ్గరా ఆగాయి. నలభై ఏళ్ళు కళ్ళకి కత్తి పెట్టిన చేతులు. ఏమిటని అడిగితే, "ఇది చదువుతున్నాను" అన్నారు.

మీరు దాన్ని గోడకి కొట్టి నవ్వారు. మంచిది. గట్టు మీద మేస్త్రీ కూడా నవ్వేవాడు.

నీకు చెప్పకపోవడం నా తప్పే. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు విను. నేను ఊరొదిలిన రోజు స్టేషన్లో మీ నాన్న ఏమన్నాడో నీకు తెలియదు, నీకప్పుడు పన్నెండేళ్ళు. "పో, దొర కొంపలో గరిటె తిప్పు. తిరిగొచ్చేటప్పుడు ఆయనే నిన్ను కారులో దింపుతాడులే" అన్నాడు. అందరి ముందూ. ఇప్పుడు నేను సరిగ్గా అలాగే రాబోతున్నాను. ఆ మాట నీ నోటి ద్వారా ముందే ఇంటికి చేరడం నాకు ఇష్టం లేకపోయింది.

జూన్ మొదటి ఆదివారం మా వరిమళ్ళ జట్టు అంతా మోదెనా పక్కనే సొలియెరాలో భోజనానికి కలుస్తారు. ఏటా నాకు పిలుపు వస్తుంది. పదకొండేళ్ళుగా వెళ్ళలేదు. రైల్లో రెండో గంటకి కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చుబడతాయి. పడుకుని వెళ్ళే పెట్టెలుంటాయి కదా అంటావు. పడుకోబెట్టి ఇంటికి తెచ్చేది శవాన్ని. నేను కూర్చుని వస్తాను, నా కాళ్ళ మీద దిగుతాను. మా జట్టులో ఇరవై ముగ్గురం ఉండేవాళ్ళం, ఇప్పుడు తొమ్మిది మంది ఉన్నారు. వచ్చే ఏటికి ఎంతమందో.

కిందటి అక్టోబరులో రహదారి చివరి ముక్క కలిసిందని రేడియోలో చెప్పిన రోజు డాక్టరుగారు వంటింట్లోకి వచ్చి, "అర్జియా, ఇక ఎక్కడా ఆగక్కర్లేదు, ఎనిమిది గంటలు" అన్నారు. ఆయనకి కారుతో పనేముంది? ఆయనకి కారంటే ఇష్టం కూడా లేదు. మా ఇద్దరి మధ్య ఉన్నదానికి నేను పేరు పెట్టలేదు. నువ్వూ పెట్టకు.

నువ్వు కుట్టిన సీటులో వద్దామనుకున్నాను. రోమ్ దాటేసరికి ఏడుస్తానన్నావు. నేను వెర్చెల్లిలోనే ఏడవలేదురా.

అర్జియా

మోదెనా,
9 మే 1965

అత్తా,

మూడు కాగితాలు చింపాను. క్షమించమని రాస్తే ఆ మాట చిన్నదైపోతోంది. అందుకని చేసింది చెబుతాను.

నీ గీతని గోడ మీద నుంచి తీశాను. "ఇది మా అత్త వెన్ను. వరిమళ్ళలో పద్దెనిమిదేళ్ళు" అన్నాను. మా వాళ్ళలో సగం మంది తల్లులు అవే మళ్ళలో దిగినవాళ్ళు. ఆ వంపు ఇంట్లో రోజూ చూసి పెరిగినవాళ్ళం అత్తా. కాగితం మీద దొరసానిది అనుకోగానే గుర్తుపట్టలేకపోయాం. నాకు అన్నిటికంటే ఎక్కువ మండేది అదే.

తర్వాత కత్తి తీసి ఆ సీటు తోలు నిలువునా కోశాను. బెల్లోది పరుగెత్తుకొచ్చాడు.

"పిచ్చి పట్టిందిరా నీకు? అయిపోయిన సీటు!"

"అయిపోలేదు. పాడైంది. నేనే పాడుచేశాను."

"ఉద్యోగంలోంచి తీసేస్తాను!"

"తీసెయ్. సీటు అయ్యాక."

తీసెయ్యలేదు. కానీ పనివేళల్లో ముట్టుకోవద్దన్నాడు. మధ్యాహ్నం తిండి వేళలు, ఆదివారాలు నావే కదా. గ్రంథాలయంలో వెన్నెముక బొమ్మలున్న పుస్తకం తెచ్చుకున్నాను. అందులో అన్ని వెన్నులూ నిటారుగా ఉన్నాయి. పనికిరాలేదు. నీ గీత ప్రకారం చెక్క కోసి ఒక వీపు చేశాను. దాన్ని రెండు బియ్యం బస్తాలకి కట్టి, సీట్లో కూర్చోబెడితే, లెయార్కో దాన్ని మూడు గంటలు కొండల్లో తిప్పి తెచ్చాడు. పెట్రోలు బంకులో ఎవరో అడిగితే "ఎర్మెస్ వాళ్ళ అత్త, పెద్దగా మాట్లాడదు" అన్నాడట.

మొదటిసారి గుర్రపు వెంట్రుకలు రెండు వేళ్ళు కుంగాయి. రెండోసారి ఒక వేలు. ఎంత గట్టిగా దట్టించినా నీ ఎడమ పక్క దగ్గర ఖాళీ వస్తోంది. చివరికి అక్కడ ఒక సంచీ కుట్టి పెట్టాను, అందులో వడ్ల ఊక పోశాను. అది నువ్వు ఎటు ఒరిగితే అటు సర్దుకుంటుంది, వేడెక్కదు. ఆ వరి వల్లే కదా నీకిలా అయింది. దాని పొట్టునైనా నీ కింద వేద్దామనిపించింది. నాలుగోసారి తిప్పితే చెక్క వీపు వెంట్రుకవాసి కదల్లేదు. లెయార్కో తన వినపడే చెవి సీటుకి ఆనించి నొక్కి చూసి, "ఇదిరా సీటంటే" అన్నాడు.

కూర్చోగానే గట్టిగా ఉంటుంది. భయపడకు. కాసెర్తా దాటనివ్వు.

నాన్నకి ఏమీ చెప్పలేదు.

ఎర్మెస్

ఫ్లోరెన్స్ దగ్గర, రహదారి పక్క భోజనశాల,
5 జూన్ 1965

ఒరే ఎర్మెస్,

ఇది చేరేలోగా నేనే చేరతాను. అయినా ఇప్పుడే రాయాలి, తర్వాత ఈ మాటలు ఉండవు.

కూర్చోగానే బల్ల మీద కూర్చున్నట్టుంది. నిన్ను తిట్టుకున్నాను. కాసెర్తా దాటింది. కస్సీనో దాటింది. నొప్పి ఎప్పుడు మొదలవుతుందా అని కాచుకుని కూర్చున్నాను, స్టేషన్లో చుట్టం కోసం చూసినట్టు. రాలేదు. రోమ్ వచ్చింది. పోయింది. నేను ఏడవలేదు. రోమ్ దాటాక ఇంకో గంటకి, ఎక్కడో పొద్దుతిరుగుడు చేల మధ్య, నొప్పి కోసం చూడటం మర్చిపోయానని గుర్తొచ్చింది. అప్పుడు ఏడ్చాను. డాక్టరుగారు ఏమీ అడగలేదు. అద్దం కొంచెం దించారు.

దేశం ఇంత పొడుగని నాకు తెలియదురా. ఎప్పుడూ రైలు నేల చూస్తూనో, మడి నీళ్ళు చూస్తూనో వెళ్ళాను. తల ఎత్తుకుని చూడటం ఇదే మొదలు. ఒక కొండ వస్తుంది, దాని పొట్టలోంచి దూరతాం, అవతల ఇంకో వెలుగు ఉంటుంది. గోధుమ చేలు ఇక్కడ ఇంకా పచ్చగా ఉన్నాయి, అక్కడ కోసేశారు. ఒకే రోజులో మూడు నెలలు చూశాను. మనుషులే కదా ఈ వంతెనలు కట్టింది. ఎంతమంది నడుములో.

ఇక్కడ కాఫీ తాగాను. నిలబడి తాగాను. కావాలనే.

అత్త

మోదెనా,
20 జూన్ 1965

అర్జియా అత్తకి,

నువ్వు వెళ్ళాక జరిగింది నీకు తెలియదు. అసలు నువ్వొచ్చినప్పుడు జరిగింది కూడా నీకు సగమే తెలుసు. నువ్వు కారు లోపలున్నావు, నేను వాకిట్లో ఉన్నాను.

కారు సందు మలుపు తిరగ్గానే పిల్లలు, ముసలాళ్ళు అంతా గోడలెక్కారు. నాన్న కంచె బాగుచేస్తూ సుత్తితో అలాగే నిలబడ్డాడు. డాక్టరు దిగి నీ తలుపు తీయబోతే నువ్వు అద్దంలోంచే "వద్దు" అని చెయ్యి చూపించావు. నీ ఎడమ కాలు నేల మీద ఆనింది. తర్వాత కుడి కాలు. తర్వాత నువ్వు మొత్తం లేచి నిలబడ్డావు. నడుం మీద చెయ్యి వేసుకోలేదు. ఆరు వందల కిలోమీటర్లు, అత్తా! నేను చూసింది అదొక్కటే. ఆ పొడుగు ముక్కూ, ఆ వెండి రంగూ నాకేమీ కనపడలేదు.

"దొరే దింపాడన్నమాట" అన్నాడు నాన్న. "దిగింది నేనే" అన్నావు నువ్వు. ఆయన సుత్తి కింద పెట్టాడు. అంతవరకు నీకు తెలుసు.

మర్నాడు సొలియెరాలో మీరంతా భోజనాల దగ్గర పాటలు పాడుతుంటే నాన్న ఒక్కడే బయట ఆపిన కారు దగ్గరికి వెళ్ళాడు. నేను వెనక వెళ్ళాను. తలుపు తెరిచి నీ సీట్లో కూర్చున్నాడు. దొరల కారు, తిట్టడానికే ఎక్కాడనుకున్నాను. చేతులు తొడల మీద పెట్టుకుని చాలాసేపు కదల్లేదు. చర్చి గంట రెండుసార్లు కొట్టింది.

"ఇక్కడ ఇది ఏంటిరా?" అని ఎడమ పక్క నొక్కాడు.

"ఊక."

"ఎవరు చెప్పారు నీకు ఊక వెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదు."

వీపు మళ్ళీ వెనక్కి ఆనించి, "దాని వెన్నుకి ఇంత వంపుందా?" అన్నాడు. ఆయనే మెల్లగా దిగాడు. అప్పట్నుంచి నన్ను పరుపులవాడు అనడం మానేశాడు. ఇంకే పేరూ పెట్టలేదు. అది కూడా ఎక్కువే.

షెడ్డు సంగతి. మీ డాక్టరు బెల్లోదికి పొగుడుతూ ఉత్తరం రాశాడు. దాంతో బెల్లోది కొత్త సీటు అని ప్రకటన కాగితాల్లో అచ్చు వేయించాడు, దాన్ని కనిపెట్టింది తానేనట. నాకు ఒళ్ళు మండి సుత్తి విసిరాను, తగల్లేదు. కానీ ఒకటి సాధించాను. పెళ్ళికూతురి మెత్త మా షెడ్డులో ఇక లేదు. పక్క సీటుకి కూడా వెంట్రుకలే, కొలతే. ఒక్కో సీటు అయ్యాక, తోలు వేసేముందు, కింద చెక్క మీద చాక్‌ముక్కతో "అర్జియా" అని రాస్తున్నాను. కొన్నవాడికి ఎప్పటికీ కనపడదు. రెండు వందల వేగంతో పోతూ ఎవడో నీ పేరు మీద కూర్చుని ఉంటాడు, వాడికి తెలియదు.

ఎర్మెస్

నేపుల్స్,
27 జూన్ 1965

ఒరే ఎర్మెస్,

చాక్ చెరిగిపోతుంది. మేకుతో గీకు.

అత్త